ఎర్రనీళ్ల లెక్క: మెట్ట ప్రాంతపు తాగునీటి చెరువులోకి వచ్చే మూడు వాగులపై కేస్ స్టడీ

అడిగిన ప్రశ్న

కనిగిరి, పామూరు, వెలిగండ్ల వైపు బోరు నీళ్లు తాగడానికి ఎందుకు పనికిరావో ఆ ప్రాంతం వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం ఫ్లోరైడు లీటరుకు 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చు. ఇక్కడ రాతి పొరల్లోంచి వచ్చే నీళ్లు చాలా ఊళ్లలో ఆ గీత ఎప్పుడో దాటేశాయి. అందుకే ఈ వైపు ఏదో ఒక చెరువులో నిలిచిన వాననీటినే వడగట్టి పైపుల్లో పంపుతారు. ఆ చెరువు పాడైతే జనం మళ్లీ బోరు దగ్గరికి పోవాల్సిందే.

ఈ కేసులోని చెరువు వెలిగొండల తూర్పు వాలు కింద ఉంది. పని ఇచ్చినవాళ్లతో మాట ప్రకారం దాని పేరుగానీ ఊళ్ల పేర్లుగానీ రాయడం లేదు. మన్నేరు మీది మోపాడు, గుండ్లకమ్మ మీది కంభం చెరువు లాగా పేరు మోసినది కాదు, వాటికంటే బాగా చిన్నది. కండలేరు లాంటి 68 టీఎంసీల జలాశయంలో ఒక వాగు తెచ్చిన బురద ఎక్కడ పడిందో వెతుక్కోవాలి. ఇక్కడ ఒక్క వరదకే చెరువు రంగు మారుతుంది, ఆ మార్పు నాలుగు రోజుల్లో కుళాయి దాకా వస్తుంది.

చెరువు కట్ట కింద స్లో శాండ్ ఫిల్టర్ బెడ్లు, అంటే నీళ్లు ఇసుకలోంచి నెమ్మదిగా దిగే వడపోత తొట్లు ఉన్నాయి. ఇసుక పైన పెరిగే సన్నటి జిగురు పొర నీళ్లను శుభ్రం చేస్తుంది. పటిక అక్కర్లేదు, మోటార్ల పని తక్కువ, పల్లెల్లో నడపడానికి అనువైన పద్ధతి. అయితే బురద నీళ్లన్నా నాచు నీళ్లన్నా దీనికి పడవు. బెడ్ బిగుసుకుపోయి నీళ్లు దిగవు, పై ఇసుక గీకి తీయాలి. గీకాక ఆ పొర మళ్లీ కుదురుకునే దాకా కిందికి వచ్చే నీళ్లను నమ్మడానికి లేదు. ఈ చెరువు దగ్గర ఆ గీకుడు ఏడాదికేడాదికి ఎక్కువవుతోంది. వానల్లో బురదతో ఒకసారి, ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు పచ్చబడి మట్టివాసన కొట్టేటప్పుడు ఇంకోసారి.

మమ్మల్ని అడిగింది ఒకటే. చేతిలో ఉన్న డబ్బు ఒక పనికే సరిపోతుంది, మూడు వాగుల్లో దేని మీద పెట్టాలి? ఊళ్లో ఎవరిని కదిలించినా జవాబు సిద్ధంగా ఉంది. కొందరు పక్క పెద్దూరి డ్రైనేజీ అన్నారు, కొందరు పొగాకు చేలల్లో చల్లే ఫాస్ఫరస్ ఎరువు డీఏపీ అన్నారు, కొందరు వాగులో దిగే జీవాలన్నారు. లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు.

నెలకొక సీసా

లెక్క లేదంటే కాగితాలు లేవని కాదు. కొన్నేళ్ల పరీక్ష రిపోర్టులు ఫైలు నిండా ఉన్నాయి. నెల మొదటి వారంలో, పగటిపూట, చప్టా దగ్గర ముంచిన సీసాలవి. మురికి తక్కువ. నైట్రేటు ప్రమాణం చెప్పే 45 మి.గ్రా.కు దరిదాపుల్లో కూడా లేదు. ఫాస్ఫేటు గడిలో చాలాచోట్ల 'బీడీఎల్' అని ఉంది, అంటే ఆ ల్యాబ్ పరికరానికి అందనంత తక్కువని. ఆ ఫైలు ప్రకారం మూడు వాగులూ బంగారం లాంటివి.

ఆ అంకెల్లో అబద్ధం లేదు. కాకపోతే అవి వాగు నిమ్మళంగా ఉన్న రోజుల అంకెలు. ఈ మెట్టలో వాగు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉంటుంది, లేదంటే సన్నగా పారుతుంది. వరద వచ్చిన రోజు చప్టా మీద నీళ్లు తొక్కుతుంటాయి, ఎవరూ అటు పోలేరు, పోకూడదు కూడా. అందువల్ల సీసాలోకి ఎక్కేదెప్పుడూ తేట నీళ్లే.

లోడ్, అంటే వాగు మోసుకొచ్చే మొత్తం బరువు, ఇంకో లెక్క. లీటరుకు ఎంత ఉందన్నది సగమే, ఎన్ని లీటర్లు పోయాయన్నది మిగతా సగం. మన ఇంజనీర్లు క్యూసెక్కుల్లో (సెకనుకు ఘనపుటడుగుల్లో) ఆలోచిస్తారు కాబట్టి ఇలా గుర్తుపెట్టుకోవచ్చు: ఒక క్యూసెక్కు నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటే రోజుకు 2.45 కిలోలు. ఉదాహరణకు 4 క్యూసెక్కుల పారుదలలో లీటరుకు 20 మి.గ్రా. మట్టి ఉందనుకోండి, రోజుకు 196 కిలోలు. అదే వాగు వరదలో 1,400 క్యూసెక్కులకు లేచి లీటరుకు 800 మి.గ్రా. మట్టి మోస్తే ఆరు గంటల్లో 686 టన్నులు. మొదటి లెక్కన ఆ మట్టి రావడానికి తొమ్మిదిన్నరేళ్లు పడుతుంది. ఇవి లెక్క చూపడానికి తీసుకున్న అంకెలు, మా వాగులవి కావు. అయినా పని ఇచ్చినవాళ్ల ముందు ఈ నాలుగు వరుసలు బోర్డు మీద రాశాకే వరద రోజుల్లో మనుషులను పెట్టడానికి ఒప్పుకున్నారు. అప్పటిదాకా 'నెలకు రెండుసార్లు తీస్తే సరిపోదా' అన్న మాటే నడిచింది. రెండు కాదు, నాలుగుసార్లు తీసినా అవి తేట రోజులైతే ఫలితం అంతే.

వాగు దగ్గర ఏర్పాటు

సీసాల మీద రాసుకోవడానికి వాగులకు మేమే పేర్లు పెట్టుకున్నాం. అడవిలోంచి దిగేది కొండవాగు. గరప నేలల్లో పొగాకు, కంది చేల మధ్య నుంచి వచ్చేది ఎర్రవాగు. పెద్దూరి మురుగు కాలవలు కలిసేది ఊరవాగు.

వాగు కొలవాలంటే ముందు కదలని చోటు దొరకాలి. ఇసుక వాగుల్లో అదే కష్టం. ఒక వరదకు అడుగు లోతు ఇసుక కొట్టుకుపోతుంది, ఇంకో వరదకు వచ్చి పడుతుంది, మధ్యలో ట్రాక్టర్లు ఎత్తుకుపోయేది సరేసరి. కాబట్టి రాయి తేలిన చోటో, చప్టా అంచో చూసుకోవాలి. మూడు చోట్లా కాంక్రీటు మీద గేజ్ స్కేలు పెయింటు చేసి, నీటిమట్టానికీ ప్రవాహానికీ సంబంధం తేల్చడానికి వేర్వేరు మట్టాల దగ్గర వేగం కొలిచాం. నీళ్లు మోకాలి లోతు ఉన్నంత వరకు ప్రవాహ వేగం కొలిచే చిన్న కరెంట్ మీటరు పనికొస్తుంది. వరదలో దాన్ని దించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అప్పుడు పాత పద్ధతే గతి. ఎండు టెంకాయ విసిరి, కొలిచి పెట్టుకున్న దూరం ఎంతసేపట్లో దాటిందో చూడటం. పైన తేలే వస్తువు వేగం వాగు సగటు వేగం కంటే ఎక్కువ, అందుకని 0.85తో గుణిస్తాం. ఇది మోటు కొలతే. కానీ అసలు కొలవని వరద కంటే మోటుగా కొలిచిన వరద వెయ్యి రెట్లు మేలు.

అర్ధరాత్రి వచ్చే వరదకు మనిషి కాపలా ఉండలేడు. దానికి సైఫన్ సీసాలు పెట్టాం. ఇనుప పైపు ఒకటి చప్టా దిగువన బలంగా పాతి, దానికి లీటరు సీసాలు ఒకదాని పైన ఒకటి జానెడు ఎడంతో బిగించాం. ప్రతి సీసా మూతకు రెండు గొట్టాలు. ఒకటి వంకీ తిరిగి బయటికి వచ్చి ప్రవాహానికి ఎదురుగా నోరు పెట్టుకుంటుంది, రెండోది గాలి పోవడానికి ఇంకా పైకి లేస్తుంది. నీటిమట్టం వంకీ మీదికి చేరగానే సైఫన్ పట్టుకుని సీసా నిండుతుంది, నిండాక గాలి అడ్డం పడి ఆగిపోతుంది. తెల్లారి వెళ్తే అడుగున ఉన్న సీసాలో వరద మొదటి నీళ్లు, పైదాంట్లో ముదిరిన వరద నీళ్లు వరుసగా ఉంటాయి. బ్యాటరీ లేదు, సెన్సర్ లేదు, పోయినా పెద్ద నష్టం లేదు. దీని లోపాలు రెండు: మట్టం ఎక్కేటప్పటి నీళ్లే పడతాయి గానీ దిగేటప్పటివి పడవు, అడుగున దొర్లే ముతక ఇసుక సరిగా చిక్కదు. దిగే వరదకు మనిషి కావాల్సిందే.

ఆ మనిషి కోసం బయటి నుంచి ఎవరినీ తేలేదు. ఒక్కో వాగు దగ్గర ఇల్లున్న కుర్రాడినో, చేను కాపలా ఉండేవాడినో చూసుకున్నాం. గేజ్ చదివి ఫోన్లో ఫొటో తీసి పంపాలి. ఫొటో అడగడంలో అనుమానమేమీ లేదు, ఫొటోకు టైము దానంతటదే పడుతుంది, అంతే.

ల్యాబ్ కాగితం

ఫీల్డులో ఎంత కష్టపడ్డా ల్యాబ్‌తో ముందే మాట్లాడుకోకపోతే అంతా వృథా. రెండు విషయాలు మాత్రం చెప్తాను.

మొదటిది, ఫాస్ఫరస్ ఒకటి కాదు. మట్టి రేణువులకు అంటుకున్నదీ, నీటిలో కరిగినదీ వేర్వేరు. కరిగినది కొలవాలంటే వాగు ఒడ్డునే 0.45 మైక్రాన్ల ఫిల్టరులో వడగట్టి, ఐసు పెట్టెలో పెట్టి, 48 గంటల్లోపు పరీక్ష చేయించాలి. వడగట్టకుండా ఒంగోలు దాకా తీసుకుపోతే దారిలోనే కరిగినది మట్టికి పట్టుకుంటుంది, లేదా మట్టి నుంచి వదులుతుంది. మొత్తం ఫాస్ఫరస్‌కు వేరే సీసా, అందులో గంధకామ్లం వేసి పీహెచ్ 2 కంటే కిందికి దించాలి. ఎర్రవాగు వరద నీళ్లు ఆ ఫిల్టరులోంచి దిగవు. కాగితం చిలుము రంగుకు తిరిగి మూసుకుపోతుంది. ముందు ముతక కాగితంలో వడకట్టి, తర్వాత సన్నదాంట్లో సిరంజితో ఒత్తుతూ, ఒక్క శాంపిలుకు కాగితాల మీద కాగితాలు మారుస్తూ కూర్చోవాలి. వానలో ఆ పని చేసే కుర్రాళ్లకు టార్పాలిన్ కంటే ముందు స్టూలు ఇవ్వాలి.

రెండోది, యూనిట్లు. ఒక రిపోర్టు ఫాస్ఫేటుగా చెప్తుంది, ఇంకోటి ఫాస్ఫరస్‌గా చెప్తుంది. మధ్యలో 3.07 రెట్ల తేడా. నైట్రేటుకూ, నైట్రేటులోని నైట్రోజనుకూ మధ్య 4.43 రెట్లు. 45 మి.గ్రా. నైట్రేటు అంటే దాదాపు 10 మి.గ్రా. నైట్రోజన్. పాత ఫైల్లో ఒకే గడి కింద రెండూ కలిసిపోయి ఉన్నాయి. అన్నీ మూలకం రూపంలోకి మార్చి రాసేదాకా వాగుల మధ్య పోలికే పెట్టలేదు.

ఇంకో సంగతి. తాగునీటి ప్రమాణంలో ఫాస్ఫరస్‌కు పరిమితి లేదు, అది తాగేవాడికి విషం కాదు గనుక. అది నాచుకు తిండి, కాబట్టి దానికి భయపడాల్సింది చెరువు. 1982లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) ఇచ్చిన వర్గీకరణలో లీటరుకు 0.035 మి.గ్రా. మొత్తం ఫాస్ఫరస్ దాటిన చెరువు పోషకాలు ఎక్కువైన చెరువుల కోవలో పడుతుంది. ఆ గీత గీసింది ఎక్కువగా చలి దేశాల సరస్సులను చూసి, మన ఎండలకు దాన్ని మక్కీకి మక్కీ పెట్టుకోలేం. అయినా ఎంత చిన్న అంకెతో వ్యవహారమో తెలుస్తుంది. పాత రిపోర్టుల్లోని 'బీడీఎల్' ఈ గీతకు పైన కూడా ఉండొచ్చు. తేట నీళ్లలో ఫాస్ఫరస్ లేదనుకున్న చోట నిజానికి కొలిచే శక్తి లేదు.

తుపాను రోజులు

2023లో నైరుతి ముఖం చాటేసింది. అక్టోబరు, నవంబరు నెలల్లో అప్పుడొక జల్లు, ఇప్పుడొక జల్లు. సీసాలు పైపు మీద ఎండుతున్నాయి. ఆ దశలో మిచౌంగ్ వచ్చింది. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన ఆ తుపాను అంతకు ముందు రోజు నుంచే మా వాగుల మీద కురవడం మొదలుపెట్టింది. ఈ చెరువు గురించి మేం చెప్పగలిగిన దాంట్లో ఎక్కువ భాగం ఆ వరదలోంచి తీసిందే.

ఎర్రవాగు గట్టు మీద నిలబడి చూసింది ముందు చెప్తాను. పొగాకు నాట్లు ఆలస్యమై మొక్క ఇంకా చిన్నదిగా ఉంది. సాళ్ల మధ్య గుంటక తోలి ఉంది, గడ్డి పరక లేదు. వాలు వెంట పోయిన సాళ్లున్న చేలల్లో ప్రతి సాలూ ఒక పిల్లకాలవ అయింది. వాలుకు అడ్డంగా దున్నిన పక్క చేలో నీళ్లు సాళ్లలో నిలబడి, నింపాదిగా పొంగి దిగుతున్నాయి. రెండు చేలకూ మధ్య ఒక్క గట్టు. ఇవతల నీళ్లు ముదురు ఎరుపు, అవతల పలచటి టీ రంగు. అప్పుడు తీసిన రెండు సీసాల ఫొటో తర్వాత రైతుల మీటింగులో మా గ్రాఫులన్నిటికంటే బాగా పనిచేసింది.

వాగులో మట్టి అన్నిటికంటే చిక్కగా ఉన్నది నీళ్లు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నప్పుడు కాదు. మట్టం ఇంకా ఎక్కుతుండగానే మట్టి శిఖరానికి చేరి, నీళ్లు శిఖరానికి వచ్చేసరికి తగ్గుముఖం పట్టింది. దిగే వరదలో అదే మట్టం దగ్గర నీళ్లు ఎంతో పలచగా ఉన్నాయి. వాకిలి కడిగేటప్పుడు మొదటి బక్కెటుకే మురికంతా కదిలినట్టు, వదులుగా ఉన్న మట్టి ముందు వరదకే లేచిపోతుంది. అందుకే నీటిమట్టం ఒక్కటి చూసి మట్టి ఎంతో చెప్పే సూత్రం ఒకే గీతగా రాదు, ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఇంకోటి. సైఫన్ సీసాలు లేకపోతే ఎక్కే గీత మా చేతికి వచ్చేదే కాదు.

కొండవాగు తంతు వేరు. చాలాసేపటి దాకా నీళ్లే రాలేదు. జీవాలను గట్టుకు తోలుకొచ్చిన ఒక పెద్దాయన ముందే చెప్పాడు: "ఎర్రనీళ్లు ముందు ఆ గండి కాణ్ణుంచి వస్తయి సారూ. కొండ నీళ్లు పొద్దు గూకినాక గానీ దిగవు." అలాగే జరిగింది. చీకటి పడ్డాక దిగిన ఆ నీళ్లు ఆకులు, పుల్లలు మోసుకొచ్చాయి గానీ వాటిలో మట్టి తక్కువ. కుర్రాడు టార్చి వేసి చూపిస్తే గేజ్ మీద రెండో గీత నీళ్ల అడుగున కూడా కనిపించింది.

ఆ రాత్రి ఊరవాగు దగ్గరి సీసాల స్తంభం కంప చెట్టు కొట్టుకొచ్చి తగిలి వంగిపోయింది. పై సీసాలు పోయాయి, అడుగువి దక్కాయి.

లెక్క కట్టడం

తీసిన శాంపిళ్లు కొన్ని, పారిన గంటలు అనేకం. మధ్యలో ఖాళీలు నింపడానికి ప్రవాహానికీ మట్టికీ మధ్య లాగ్ (లాగరిథమ్) గ్రాఫు మీద గీత గీస్తారు. ఈ గీత నుంచి వెనక్కి లెక్క కట్టినప్పుడు జవాబు అలవాటుగా తక్కువ వస్తుంది. లాగుల్లో సగటు తీసి మళ్లీ మామూలు అంకెలోకి తెస్తే పెద్ద విలువలు అణిగిపోతాయి. దీనికి సవరణ ఉంది, 1983లో డ్వాన్ అనే గణాంక శాస్త్రవేత్త ఇచ్చిన పద్ధతి, స్ప్రెడ్‌షీట్లో ఒక్క గడి పని. చాలా రిపోర్టుల్లో ఆ గడి ఉండదు. మేం ఎక్కే వరదకు ఒక గీత, దిగే వరదకు ఒక గీత వేసి, రెంటికీ ఈ సవరణ పెట్టి, గంటకో విలువ కట్టాం. ఊరవాగులో సీసాలు పోయిన గంటలకు ఒకే అంకె రాయకుండా ఇంత నుంచి ఇంత అని హద్దులు రాశాం. హద్దుల్లో ఏ చివర తీసుకున్నా వాగుల వరుస మారలేదు, నిర్ణయానికి అది చాలు.

నైట్రోజన్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. మొదటి వరదల్లో నైట్రేటు కొంచెం లేచింది, ప్రమాణానికి చాలా కింద ఉంది. పైగా చెరువుల్లో వాసన తెచ్చే నీలి ఆకుపచ్చ నాచుల్లో కొన్ని గాలిలోని నైట్రోజన్‌ను సొంతంగా పట్టుకుంటాయి. దాన్ని కట్టడి చేసి వాటిని ఆపలేం.

మూడు వాగులు చెప్పింది

మట్టిలో సింహభాగం ఎర్రవాగుదే. మొత్తం ఫాస్ఫరస్‌లో కూడా అంతే, ఎందుకంటే అది మట్టినే అంటిపెట్టుకుని వచ్చింది. ఇక్కడ ఆశ్చర్యం లేదు. అసలు విషయం ఆ వాగులో పైకి నడుచుకుంటూ పోయినప్పుడు తెలిసింది. ఎర్రవాగుకు రెండు పాయలు. రెండింటి కిందా ఒకే రకం నేల, ఒకే పొగాకు, ఒకే డీఏపీ. ఒక పాయ మీద పాత కుంట బాగుంది, ఇంకో పాయ మీది కుంటకు గండి పడి ఏళ్లయింది. రెండు పాయలు కలవక ముందు తీసిన సీసాలు పక్కపక్కన పెడితే గండి పాయ నీళ్లు చిక్కటి ఎరుపు. కుంట బాగున్న పాయలో చిన్న వానలకు అసలు నీళ్లే బయటికి రాలేదు, తుపానుకు మాత్రం అలుగు పారింది.

గండి పడిన కుంట అందులో పడ్డ మట్టిని ఆపకపోవడమే కాదు, అంతకు ముందు దశాబ్దాల పాటు ఆపిన పూడికను కూడా ఇప్పుడు వదులుతోంది. గండి లోపలి గోడ నిలువునా కోసుకుపోయి పొరలు పొరలుగా ఒండ్రు కనిపిస్తుంది. వరద తగ్గాక కూడా పెళ్లలు విరిగి పడుతూనే ఉన్నాయి. చేల మీద నిందలన్నీ వేసిన మట్టిలో చెప్పుకోదగ్గ వాటా ఈ గోడదే అని నా అంచనా. ఎంత వాటా అన్నది విడదీసి కొలవాలంటే వేరే పరీక్షలు కావాలి, ఈ పనిలో వాటికి చోటు లేదు.

ఊరవాగు కథ తిరగబడింది. ఏడాది మొత్తం మీద దాని వాటా తక్కువ. కానీ మిగతా రెండు వాగులు ఎండిపోయిన ఫిబ్రవరి తర్వాత కూడా అది పారుతూనే ఉంటుంది, అందులోని ఫాస్ఫరస్ ఎక్కువగా కరిగిన రూపంలో ఉంటుంది. కరిగినదాన్ని నాచు నేరుగా తింటుంది. చెరువు సగానికి దిగి, ఎండ ముదిరి, నీళ్లు వెచ్చబడిన రోజుల్లో అందే తిండి అది. జీవాల సంగతి కూడా చెప్పాలి. నీళ్లకు దిగే రేవుల్లో పేడ వల్ల అమ్మోనియా, బాక్టీరియా కనిపించాయి. లోడ్ లెక్కలో మాత్రం అవి లెక్కలోకి వచ్చేంత లేవు. నెల్లూరు గొర్రెల మందలు తరతరాలుగా ఆ రేవుల్లోనే తాగుతున్నాయి, వాటి మీద నేరం మోపడం సులువు గనుక మోపుతున్నారు.

వేసవిలో చెరువు లోపల

ఇక్కడ ఫిల్టర్ ఆపరేటరు గారి రిజిస్టరు గురించి చెప్పకపోతే అన్యాయం. బెడ్ ఎప్పుడు గీకారో ఆయన చాలా ఏళ్లుగా చేత్తో రాస్తున్నారు. "మీరు నీళ్లు చూస్తన్నారు సార్, నేను ఇసుక చూస్తన్నా" అన్నారు. నెలవారీ ల్యాబ్ రిపోర్టుల్లో కనపడని వరదలన్నీ ఆ రిజిస్టరులో ఉన్నాయి. ఇంకో సంగతి కూడా ఉంది. ఎర్ర వరద బాగా వచ్చిన ఏడాది తర్వాతి వేసవిలో గీకుళ్లు ఎక్కువ. నవంబరు బురదకూ మే నాచుకూ సంబంధం ఏమిటని అందరూ అడిగారు.

సంబంధం ఇనుములో ఉంది. ఎర్ర నేలల్లో ఫాస్ఫరస్‌ను పట్టుకునేది ఐరన్ ఆక్సైడ్. ఆక్సిజన్ ఉన్నంతకాలం ఆ పట్టు గట్టిగా ఉంటుంది. వేసవి రాత్రుల్లో చెరువు అడుగున ఆక్సిజన్ అడుగంటితే ఇనుము రూపం మారి నీళ్లలోకి కరుగుతుంది, దానితోపాటు ఫాస్ఫరస్ కూడా విడుదలవుతుంది. మేం మేలో తెల్లవారుజామున పడవలో వెళ్లి అడుగు నీళ్ల ఆక్సిజన్ చూస్తే దాదాపు లేనట్టే ఉంది. అదే చోట మధ్యాహ్నం పైనీళ్లలో నాచు పుణ్యమా అని మోతాదుకు మించి ఉంది. అంటే ఎర్రవాగు తెచ్చిన ఫాస్ఫరస్ వరదలో వచ్చినప్పుడు నాచుకు పనికిరాదు, చెరువు దాన్ని అడుగున దాచి, ఎండాకాలంలో కరిగించి ఇస్తుంది. ఊరవాగు రోజువారీ పెట్టేది, ఎర్రవాగు నిల్వ వేసిపోయేది.

కాబట్టి 'ఏ వాగు' అన్న ప్రశ్నకు ఏడాది లోడ్ ఒక్కటే చూసి జవాబిస్తే ఊరవాగు తప్పించుకుంటుంది, వేసవి సీసా ఒక్కటే చూసి జవాబిస్తే ఎర్రవాగు తప్పించుకుంటుంది. నా దృష్టిలో పెద్ద డబ్బు ఎర్రవాగు గండి మీదే పెట్టాలి, ఊరవాగుకు డబ్బు కంటే బుద్ధి ఎక్కువ కావాలి.

గండి, అలుగు

ఊరవాగు పని సులువుగా తేలింది. వేసవిలో అందులో పారేది సన్నటి ధార. ఆ ధారను చెరువు నోటికి ముందే మట్టి అడ్డు వేసి ఆపితే పక్క రైతులు పశుగ్రాసానికి తోడుకుంటారు. కొందరు ఇప్పటికే ఇంజన్లు పెట్టి తోడుతున్నారు. వానాకాలం వచ్చేముందు ఆ అడ్డు తెంచేయాలి, లేకపోతే మొదటి వరదే తెంచుతుంది, ఆ మురుగంతా ఒక్కసారి చెరువులో పడుతుంది. ఎవరు తెంచాలో, ఏ వారంలో తెంచాలో పంచాయతీ తీర్మానంలో రాయించాం.

పొగాకు రైతులతో మాటలు ఎక్కువసేపు పట్టాయి, ఎక్కువ పట్టాల్సిందే కూడా. డీఏపీ మీద నిందతో మొదలుపెడితే ఎవరూ వినరు. సీసాల ఫొటో చూపించి, మీ చేలో పోయిన పైమట్టి ఇది, దానితోపాటు మీరు కొన్న ఎరువు కూడా పోయింది అంటే కూర్చున్నారు. సాళ్లు వాలుకు అడ్డంగా తోలడానికి చాలామంది ఒప్పుకున్నారు. ఇరుకు చేలున్నవాళ్లు కుదరదన్నారు, చేను పొడుగంతా వాలు వెంటే ఉంటే అరక తిప్పడానికి చోటుండదు. వాళ్ల మాట న్యాయమే. అలాంటి చోట దిగువ గట్టు వెంట గడ్డి కట్టు వదలమన్నాం.

అసలు పీటముడి కుంట దగ్గర పడింది. గండి పూడ్చి, కట్ట పాత ఎత్తుకు లేపాలన్నది మా సిఫారసు. అది విన్న నీటి సరఫరా ఇంజనీరు ఒక ప్రశ్న వేశారు: వానలు తక్కువైన ఏడాది కుంట నిండాకే కదా మీ వాగు నీళ్లు చెరువుకు వచ్చేది? 2023 లాంటి ఏడాదిలో ఆ కుంట తాగేసిన నీళ్లు తాగునీటి చెరువుకు పడే కోత కాదా? అది గట్టి ప్రశ్న. మంచి నీళ్ల కోసం చేసే పని నీళ్లనే తగ్గిస్తే జనం ఒప్పుకోరు.

దీనికి మట్టి రేణువు సైజు నుంచి జవాబు వెతికాం. 2 మైక్రాన్ల బంకమట్టి రేణువు కదలని నీళ్లలో కూడా రోజంతా కలిపి ఒక అడుగు దిగుతుంది, అంతే. ఇసుక నిమిషాల్లో పడిపోతుంది, ఒండ్రు గంటల్లో పడుతుంది, ఫాస్ఫరస్ మోసే సన్న బంకమట్టికి మాత్రం రోజులు కావాలి. కాబట్టి కుంట నీళ్లను నెలల తరబడి పట్టి ఉంచక్కర్లేదు, నాలుగైదు రోజులు నిలిపి పైన తేరిన నీళ్లు వదిలితే చాలు. అంటే తూము అడుగున కాకుండా మధ్య ఎత్తులో పెట్టాలి, అలుగు పాత మట్టం కంటే దించాలి. తూము కింద నిలిచే నీళ్లు కుంట ఆయకట్టుకూ, జీవాలకూ. ఆ పైది చెరువుకు. అడుగున చేరే పూడికను వేసవిలో రైతులే తోలుకుపోతారు. ఈ మెట్టలో చెరువు మట్టికి ట్రాక్టర్లు బారులు తీరడం కొత్తేమీ కాదు.

కుంట రైతులు అలుగు ఎంత దించాలన్న దాని మీద పేచీ పెట్టారు. వాళ్లు ఒక రాయి వరస అన్నారు, ఇంజనీరు మూడన్నారు. రెండు వరసల దగ్గర తెగింది. ఇదే సరైన ఎత్తని నేను చెప్పలేను, ఇద్దరూ సంతకం పెట్టిన ఎత్తు అది. తూముకు తలుపు పెట్టారు, తాళంచెవి పంచాయతీలో ఒకటి, ఫిల్టర్ ఆపరేటరు గారి దగ్గర ఒకటి. వరద వచ్చిన ఎన్నో రోజున తలుపు ఎత్తాలన్నది ఆయన చేతి సీసా చూసి చెప్తారు.

ఈ మార్పులకు తగ్గట్టు కొలతలూ మారాయి. కొండవాగు మీద నెలవారీ శాంపిళ్లు ఆపేశాం, అక్కడ గేజ్ ఒక్కటి చాలు. మిగిలిన డబ్బుతో కుంట పైన ఒక సీసాల స్తంభం, అలుగు దిగువన ఒకటి పాతాం. ఈసారి కంప కొట్టుకొచ్చే దారి చూసి, రాతి గుండు చాటున. కుంట లోపల కూడా స్కేలు పెట్టాం, ఎన్ని నీళ్లు పట్టి ఉంచిందో, ఎన్ని వదిలిందో ఇంజనీరు గారు సొంతంగా చదువుకోవడానికి. వానలు తక్కువైన ఏడాది వస్తే ఆ స్కేలు అంకె ముందు పెట్టుకునే అలుగు ఎత్తు మీద మళ్లీ కూర్చోవాలని తీర్మానంలో ఆఖరి వాక్యంగా రాయించారు.